పత్యమక్క

నా భార్య పోయిన గురువారం మధ్యాహ్నం చనిపోయింది.

ఆ రోజు జరిగింది చెబుతాను. పొద్దున్నే మేలుకుంది. ముఖం తుడిపించుకుంది. కిటికీ తెరవమంది. దుమ్ము గాలి వీస్తుండడంతో ఒక రెక్కే తెరిచాను. మునిసిపాలిటీ నీళ్లు వదిలే రోజు కాబట్టి కొంతసేపు కొళాయి దగ్గర నిలబడాల్సి వచ్చింది. బిందెలు లోపల పెట్టి వచ్చేసరికి వాళ్లమ్మ మంచం అంచున కూర్చుని రాగి అంబలి తాగిస్తోంది. రెండు మూడు చెంచాలు తాగి చాలంది. నిద్రపోయింది. మధ్యాహ్నం ఊపిరి తీరు మారింది. మా వీధిలోనే ఉండే డాక్టరును పిలుచుకొచ్చాను. ఆయన నాడి చూసి నా భుజం మీద చెయ్యి వేశాడు. వాళ్లమ్మ అంబలి గ్లాసు తీసుకుపోయి, కడిగి, బోర్లించి వచ్చి, అప్పుడు ఏడ్చింది.

సాయంత్రానికి ఇల్లు నిండింది. వచ్చినవాళ్లలో చాలామంది నాకు తెలియని ఆడవాళ్లు. కొందరికి జుట్టు అప్పుడప్పుడే మొలుస్తోంది. తలమీదుగా కొంగు కప్పుకుని గోడవారన కూర్చున్నారు. మా బంధువొకాయన వాళ్లను అడిగాడు, మీరు ఆమెకు ఏమవుతారని.

"ఏమీ కామప్పా. ఆమె మాకు పత్యం చెప్పినాది" అంది ఒకామె.

అనంతపురం జిల్లాలో నా భార్య పేరు తెలిసినవాళ్లు తక్కువ. పత్యమక్క అంటే మాత్రం కొన్ని ఇళ్లలో తెలుస్తుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చి వైద్యం చేయించుకుంటున్న ఆడవాళ్ల ఇళ్లు అవి. ఆమెకూ అదే జబ్బు. తొంభైల చివర్లో వచ్చింది. ఆపరేషన్, ఇంజెక్షన్లు, కరెంటు పెట్టించుకోవడం, అదే రేడియేషన్, అన్నీ అయ్యాయి. తగ్గింది. చాలా ఏళ్లు బాగుంది. పోయిన ఏడాది ఎముకల్లో మళ్లీ కనబడింది.

పత్రికకు ఈ నాలుగు మాటలు ఆమె మంచితనం చెప్పుకోవడానికి రాయడం లేదు. దహనం అయిన మర్నాడు రాయదుర్గం నుంచి ఒక ఫోను వచ్చింది. అందుకని రాస్తున్నాను.

ఫోను చేసిన అమ్మాయి అక్కడ జీన్సు ప్యాంట్లు కుట్టే చోట పని చేస్తుంది. ముప్పై ఏళ్లు నిండలేదు. ఆపరేషన్ అయింది, ఇంజెక్షన్లు సగం అయ్యాయి. నా భార్య మంచం పట్టే ముందు చివరగా పథ్యం చెప్పింది ఆ అమ్మాయి ఇంట్లోనే.

"అన్నా, అక్క పోయినాదంట కదా."

"అవునమ్మా."

ఆ అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది. "మా అత్త మళ్లా చారుమెతుకులే పెడతాండాదన్నా. పప్పు లేదు, గుడ్డు లేదు. 'ఆ పత్యం చెప్పినామె యాడుండాది ఇప్పుడు? ఆమెకే పని చెయ్యనిది నీకేం చేస్తాది' అంటాండాది."

"నువ్వేమన్నావు?"

"ఏమంటానన్నా? మిషను తొక్కనీకుండా కూర్చోబెట్టి సాకుతాండాది నన్ను. రాత్రి లేసి కాళ్లు పిసుకుతాది. ఆమె మాట నేనెట్ల కాదంటా?"

వచ్చే వారం ఆ అమ్మాయికి ఇంకో ఇంజెక్షన్ ఉంది. బరువు తగ్గి, రక్తం తగ్గి ఇదివరకే ఒకసారి వాయిదా పడింది. ఈసారీ వాయిదా వేస్తే ఇక బెంగుళూరు ఆసుపత్రికి పోయేది లేదని ఇంట్లో అనుకుంటున్నారట. ఆ పెద్దామెకు ఫోను ఇమ్మన్నాను. దూరం నుంచి ఆమె గొంతు వినిపించింది. "పెండ్లాం పోయి మూడు దినాలు కాలే. ఆ మనిషితో నేనేం మాట్లాడల్ల? నా నోరు రాదు." ఫోను తీసుకోలేదు.

ఆమెను నేను తప్పుపట్టను. మా ఇంట్లోనూ ఒకప్పుడు ఇదే జరిగింది.

నా భార్యకు ఆపరేషన్ అయినప్పుడు వాళ్లమ్మ తనకల్లు దగ్గరి పల్లె నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. వంటిల్లు ఆమె చేతికి పోయింది. మాది రాయలసీమ. కోసిన ఒంటికి పథ్యం పెట్టడం మా వాళ్లకు తెలిసిన ప్రేమ. పప్పు పెడితే పుండు చీము పడుతుంది. వంకాయ నంజు, పుండు మాననివ్వదు. గుడ్డు నంజు. బుడ్డలు, అదే వేరుశనగలు, పైత్యం. పెరుగు చలువ. ఇవన్నీ తీసేస్తే మిగిలేది మిరియాల చారు, మెత్తగా వండిన అన్నం. రెండు పూటలా అదే. బిడ్డకు లేనిది తనకెందుకని ఆ తల్లి కూడా చారుమెతుకులే తింది. ఇద్దరూ నా కళ్లముందే చిక్కిపోయారు.

నేను భూగర్భ జలాల ఆఫీసులో ఉద్యోగం చేసేవాణ్ని. బోర్లలో నీళ్లు ఎంత లోతుకు పోయాయో కొలవడం పని. ఎక్కువ రోజులు జీపులో ఊళ్లు తిరిగేవాణ్ని. ఇంటికొచ్చి, కాస్త పప్పు పెట్టండి అంటే ఆమె నా వైపు చూసి ఒకటే మాట అనేది. "నా బిడ్డకు చీము పడితే నువ్వు కడుగుతావా నాయనా?"

బెంగుళూరులో ఒకసారి ఇంజెక్షన్ ఇవ్వకుండా తిప్పి పంపారు. ముందు తిండి సంగతి చూసుకొమ్మని వరండా చివర ఉన్న చిన్న గదికి పంపారు. అందులో ఏం తినాలో చెప్పే మేడం ఉంటుంది. కన్నడామె. తెలుగు బాగానే మాట్లాడేది. మేము ముగ్గురం కూర్చున్నాం. ఆమె నా భార్య చెయ్యి పట్టుకుని చాలా దయగా చెప్పింది.

"చూడమ్మా, నువ్వు అన్నీ తినొచ్చు. పత్యం గిత్యం ఏమీ ఇల్ల. మనసుకు ఏం కావాలంటే అది తిను. ఇంట్లోవాళ్లు అడిగింది పెట్టాలి."

మా అత్త లేచి బయటికి పోయింది. తలుపు సందులోంచి చూశాను. గోడకు ఆనుకుని కింద కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

మేడం నివ్వెరపోయింది. "నేను ఏం తప్పు అన్నాను?"

నా భార్యకు నీరసం. అయినా నవ్వింది. "మీరు మంచి మాటే చెప్పినారు మేడం. కానీ మా ఊర్లల్లో డాక్టర్లు ఆ మాట ఎప్పుడంటారో తెలుసునా? ఇంక లాభం లేదన్నప్పుడు. మా నాయనకు అట్లే చెప్పినారు, అడిగింది పెట్టండని. కోడికూర అడిగినాడు. పెట్టినాం. వారం తిరగలే. ఇప్పుడు మా అమ్మకు వినబడింది అదే."

ఆ గదిలో మేడం ఎన్నేళ్లుగా ఆ మాట చెబుతోందో. ఎంతమంది తల్లులు విని, తలాడించి, ఇంటికి పోయి దీపం పెట్టుకుని ఏడ్చారో.

"మరి ఎట్ల చెప్పాలి?" అని అడిగింది మేడం.

"ముందు వద్దన్నవి చెప్పండి. బతికేటోళ్లకే కదా మేడం వద్దనేది."

మేడం లేచి పోయి మా అత్తను తనే లోపలికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. ఈసారి గొంతు మార్చింది. బడిలో టీచరు మాదిరి వేలు ఎత్తింది.

"అమ్మా, బాగా వినండి. చద్దన్నం వద్దు. రాత్రి మిగిలిన కూర వద్దు. కాచని నీళ్లు వద్దు. బండి మీద కోసిపెట్టిన పండ్లు వద్దు. పచ్చి కూరగాయలు వద్దు. ఏదైనా ఉడకాలి, వేడిగా ఉన్నప్పుడే తినాలి. తప్పితే ఒప్పుకోను."

మా అత్త కళ్లు తుడుచుకుంది. ముందుకు వంగింది. "ఇంగా?"

"కారం తగ్గించాలి. నోరు పూస్తే అసలే వద్దు."

"ఇంగా?"

"రోజూ గుడ్డు. పప్పు రెండు పూటలా."

"గుడ్డా! చీము పడదా తల్లీ?"

"అది మామూలు గుడ్డు. ఇది పత్యం గుడ్డు. బాగా ఉడకాలి, పచ్చసొన గట్టిపడాలి. మెత్తగా ఉంటే మళ్లా ఉడకబెట్టాలి."

మా అత్త నా వైపు తిరిగింది. "చూసినావా నాయనా? పత్యం గుడ్డు వేరే ఉంటాది. నీకేం తెలుసు?"

ఆ రోజునుంచి మా ఇంట్లో గుడ్డు రాయి లాగా ఉడికేది. నా భార్య నమిలీ నమిలీ విసిగిపోయేది. అయినా తినేది. తర్వాత ఇంజెక్షన్లు వాయిదా పడలేదు.

ఆమె పని అక్కడ మొదలైంది. జబ్బు తగ్గాక కూడా పరీక్షలకు బెంగుళూరు పోతున్నప్పుడు, అదే బస్సులో తలకు గుడ్డ కట్టుకున్న ఆడవాళ్లు కనిపించేవాళ్లు. కదిరి, హిందూపురం, ఉరవకొండ వైపువాళ్లు. ఆమె సీటు మార్చుకుని పోయి పక్కన కూర్చునేది. విచిత్రం ఏమిటంటే, జబ్బు మనిషితో మాట్లాడేది కాదు. ఆ మనిషి వెంట వచ్చిన తల్లినో, అత్తనో, ఆడబిడ్డనో పలకరించేది. నేను ఒకసారి అడిగితే చెప్పింది: "తినేదానికి చెప్పి ఏం లాభం? పెట్టేదానికి చెప్పల్ల."

తర్వాత ఇళ్లకు పోవడం అలవాటైంది. ఎవరో ఒకరు ఫలానా ఊర్లో ఫలానా ఆమెకు ఇట్లుందట అని కబురు చేసేవాళ్లు. సెలవు రోజు బస్సెక్కేవాళ్లం. నేను బస్టాండు హోటల్లో పేపరు చదువుతూ కూర్చునేవాణ్ని. ఆమె పోయి వచ్చేది. ఆ ఇంట్లో అడుగుపెట్టగానే నేరుగా వంటింట్లోకి పోయి గిన్నెల మూతలు తీసి చూస్తుందని నాకు తర్వాత తెలిసింది. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ఒక ఊర్లో మాత్రం ఒక ముసలామె గట్టిగానే అందట: "ఏమ్మా, నువ్వు చుట్టమా, దొంగవా?" నా భార్య మూత పెట్టకుండానే, "ఆకలైనదాన్నమ్మా, ముందు ఇంత పెట్టు, తర్వాత చెప్తా ఎవరో" అందట. ఆ ఇంట్లో ఆమెకు బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి పెట్టారు. బస్సులో నాకు కొంచెం తెచ్చింది.

అవి జిల్లాకు కరువు ఏళ్లు, తినడానికి ఏముందని మీరు అడగవచ్చు. బుడ్డలు ఉండేవి. పండిన కాడికి ఇంటి మూలన మూటలు ఉండేవి. అమ్మడానికే తప్ప జబ్బు మనిషికి పెట్టడానికి భయం. ఆమె వాటిని నానబెట్టి ఉడికించి, మెత్తగా నూరి రాగి అంబలిలో కలపమనేది. నోరు పూసినవాళ్లకు అది చల్లార్చి ఇమ్మనేది. వాంతి వచ్చేవాళ్ల ఇంట్లో తాలింపు పెరట్లో పెట్టమనేది, ఆ వాసన లోపలికి రాకుండా. ఒకేసారి పళ్లెం నిండా పెట్టి తినమనొద్దు, కొంచెం కొంచెం ఎక్కువసార్లు పెట్టమనేది. కానీ వీటికంటే ముందు మేడం దగ్గర నేర్చుకున్న వద్దన్నవి చెప్పేది. గట్టిగా చెప్పేది. పెట్టేవాళ్ల ముఖంలో ధైర్యం కనబడేదాకా చెప్పేది.

మడకశిర వైపు ఒక గొర్రెల కాపరి తన భార్యకు తనే వండేవాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. రెండోసారి పోయినప్పుడు భార్య కంటే అతను నిగనిగలాడుతున్నాడట. గుడ్లు ఎవరు తింటున్నారని అడిగితే, "సగం సగమక్కా. ఒక్కతే తినలేనంటాది. తోడు తింటాండా" అన్నాడట.

"నీకెవరు చెప్పినారప్పా పత్యం?"

"నాకెవరు చెప్తారక్కా? ఆయమ్మ తినల్లంటే నేను ముందు తినల్ల. లేకుంటే ముట్టదు."

నా భార్య ఆ మాటకు తిట్టలేదు. "అయితే ఇద్దరికీ సరిపోయేటట్ల ఉడకబెట్టు" అని వచ్చిందట. ఆ సంగతి నాకు చెబుతూ బస్సులో చాలాసేపు నవ్వింది. తర్వాత కిటికీలోంచి చూస్తూ, "మంచోడు" అంది.

కోపం ఒకే విషయంలో వచ్చేది. ఒకాయన ఏదో పొడి అమ్ముతున్నాడని, అది తింటే ఇంజెక్షన్లు అక్కర్లేదని ఎవరైనా అంటే లేచి నిలబడేది. తన తిండి గురించి అట్లా అన్నా అంతే. "నీ తిండితోనే తగ్గిందక్కా" అని ఒకామె కాళ్లకు మొక్కబోతే వెనక్కి జరిగింది. "తిండి మందు కాదమ్మీ. మందు బండి, తిండి ఎద్దు. బండిని లాగేదానికి ఎద్దు కావల్ల. ఎద్దుంది కదా అని బండి అమ్ముకుంటారా?"

పోయిన ఏడాది జబ్బు తిరగబెట్టినప్పుడు, పథ్యం చెప్పించుకున్న ఆడవాళ్లకు ఎట్లా చెప్పాలా అని నేను అనుకున్నాను. ఆమె దాచలేదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ తనే చెప్పింది. "నాకు మళ్లా వచ్చినాది. ఎందుకొచ్చిందో డాక్టర్లకే తెలీదు. నీకు వస్తాదనీ కాదు, రాదనీ కాదు. నువ్వు గుడ్డు తిన్నావా లేదా చెప్పు."

రెండు నెలల కిందట బెంగుళూరులో డాక్టరు నన్ను, మా అత్తను పక్కకు పిలిచాడు. ఇక ఇంజెక్షన్లు ఆపుదామన్నాడు. నొప్పికి మందులు రాశాడు. చివర్లో అన్నాడు: "ఆమె ఏం అడిగితే అది పెట్టండి."

ఈసారి మా అత్త ఏడవలేదు. తల ఊపింది. లోపలికి పోయి బిడ్డ పక్కన కూర్చుంది. నా భార్య మా ఇద్దరి ముఖాలూ చూసింది.

ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు ఒక సాయంత్రం నన్ను పిలిచింది.

"ఏమయ్యా, నాకు ఏదో ఒకటి వద్దని చెప్పు."

"ఏం వద్దనాలి?"

"నీ ఇష్టం. ఏదో ఒకటి."

నేను ఆలోచించాను. బావులు, బోర్లు కొలిచిన మనిషిని. నాకు తట్టింది నీళ్లే. "చల్లనీళ్లు వద్దు. కాచి చల్లార్చినవే తాగు" అన్నాను.

"సరే" అంది. చిన్నపిల్ల లాగా తలాడించింది.

ఎండలు మండుతున్నాయి. కడవ నీళ్లంటే ఆమెకు ప్రాణం. ఆ తర్వాత వాళ్లమ్మ కడవలోంచి ముంచి తెస్తే తల అడ్డంగా ఆడించేది. "వద్దమ్మా. ఆయన పత్యం పెట్టినాడు." ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖం ఎట్లా ఉండేదో నేను రాయలేను. నేనూ ఆ నీళ్లే తాగాను.

ఇంతే. ఆమె గురించి నాకు తెలిసింది ఇంతే. మాకు పిల్లలు లేరు. ఆమె వంటిల్లు ఇప్పుడు మళ్లీ వాళ్లమ్మ చేతిలో ఉంది.

ఈ పత్రిక చదివేవాళ్లలో కొందరు ఆమెకు ఇంత అన్నం పెట్టినవాళ్లే. మీ ఇళ్లలోనూ రాయదుర్గం పెద్దామె అడిగిన ప్రశ్న ఎవరైనా అడుగుతూ ఉండవచ్చు. చెప్పినామే పోయింది కదా అని. దానికి జవాబు ఆమె చెప్పే ఉంది. నేను మళ్లీ చెబుతున్నానంతే. ఆమె తిండి వల్ల పోలేదు. తిండి వల్ల బతకనూ లేదు. వైద్యాన్ని చివరిదాకా తట్టుకుంది. అది తిండి వల్ల.

ఇది అచ్చయి మీ చేతికి వచ్చేసరికి ఆ అమ్మాయి ఇంజెక్షన్ రోజు దాటిపోయి ఉంటుంది. అందుకని రాసి ఊరుకుంటే చాలదు.

ఇందాక మా అత్తతో, నేను రాయదుర్గం పోయి వస్తానన్నాను. దినాలు కాకముందు ఊరు దాటకూడదు. మైలలో ఉన్న మనిషి ఒకరి గడప తొక్కకూడదు, అందులోనూ జబ్బు మనిషి ఉన్న ఇంటి గడప. ఆమె అవన్నీ చెబుతుందనుకున్నాను. బియ్యం ఏరుతూ చాలాసేపు తల ఎత్తలేదు.

"ఆ పెద్దామెను ఏమీ అనొద్దు నాయనా" అంది చివరికి. "నా బిడ్డను నేనూ అట్లే సాకితి. భయం. ఇంగేం లేదు." ఒక రాయి ఏరి పారేసి అంది: "గడప తొక్కొద్దు. బయటుండే మాట్లాడు. నీళ్లు ఇస్తే తాగు, కాదనొద్దు."

రేపు పొద్దున మొదటి బస్సుకు రాయదుర్గం పోతాను. వాళ్ల ఇంట్లోకి పోను. అరుగు మీద కూర్చుని ఆ పెద్దామెను పిలుస్తాను. నా భార్య ఎట్లా పోయిందో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆమె ఏడిస్తే ఏడవనిస్తాను. తర్వాత ఏమేం వద్దో చెబుతాను, ఒక్కొక్కటీ, గట్టిగా. ఆమె లేచి లోపలికి పోతుంది. పొయ్యి మీద పప్పు ఉడికే వాసన బయటికి వచ్చేదాకా నేను ఆ అరుగు మీదినుంచి లేవను.